అండమాన్‌లో సీజన్ పని

అక్టోబరులో ఊపందుకుని మే చివరికి సన్నగిల్లే పర్యాటక ఉపాధిని అండమాన్ దీవుల్లో 'సీజన్' అనే ఒక్క మాటతో సరిపెడతారు. హోటల్లో గదులు సర్దేవాళ్లు, వంటవాళ్లు, ఫెర్రీ దిగిన అతిథుల పెట్టెలు అందుకునేవాళ్లు, డింగీ అనే చిన్న పడవ నడిపేవాళ్లు, చెయ్యి పట్టుకుని సముద్రం అడుగుకు తీసుకెళ్లే డైవర్లు, స్కూటర్లు అద్దెకిచ్చేవాళ్లు, కొబ్బరిబోండాలు కొట్టేవాళ్లు, ఇలా కొన్ని వేల మంది సంవత్సరం దీని చుట్టూనే తిరుగుతుంది. దీవుల్లో పర్యాటకం అంటే నిత్యం పండగేనని బయటివాళ్లు అనుకుంటారు. పనివాడి వైపు నుంచి చూస్తే అది వానాధారపు సేద్యం లాంటిది. అదునులో వచ్చిందే రాబడి, మిగతా నెలలు దాని మీదే గడవాలి. గాలి తిరిగినా, ఓడ ఆగినా, ఎక్కడో ఢిల్లీలో ఒక ఉత్తర్వు మారినా ఆ నష్టంలో పెద్ద వాటా పనివాడి మీదే పడుతుంది.

దీవులు, పేర్లు

అండమాన్ నికోబార్ కేంద్రపాలిత ప్రాంతం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. 2011 జనగణన ప్రకారం జనాభా సుమారు 3.8 లక్షలు. చిన్నా పెద్దా కలిపి వందల దీవులున్నా మనుషులు కాపురముండేవి కొద్ది. పర్యాటకుడు కాలు పెట్టగలిగినవి ఇంకా తక్కువ. నికోబార్ దీవుల్లో చాలా భాగానికి, అండమాన్‌లో జారవా, సెంటినెలీ, ఓంగే తెగల ప్రాంతాలకు 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధన కింద బయటివాళ్ల రాకపై ఆంక్షలున్నాయి. అందువల్ల వచ్చిన జనమంతా రాజధాని, హావ్‌లాక్, నీల్, బారాటాంగ్, ఉత్తరాన దిగ్లీపూర్ వంటి కొన్ని చోట్లకే పోగవుతారు. పని కూడా అక్కడే.

హావ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని 2018 డిసెంబరు 30న పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లుంటాయి, జెట్టీ మీద అరుపుల్లో పాత పేర్లే వినిపిస్తాయి. ఈ వ్యాసంలోనూ ఆ వాడుకనే తీసుకున్నాం.

సీజన్‌ను తయారుచేసేవి

నైరుతి రుతుపవనాలు మన దేశంలో ముందుగా తాకేది ఈ దీవులనే. కేరళకు వాన జూన్ మొదట్లో చేరితే, ఇక్కడ మే మూడో వారానికే మబ్బు కమ్ముతుంది. అవి తగ్గాక ఈశాన్య గాలులు మొదలై డిసెంబరు దాకా వానలు తెస్తాయి. రెండూ కలిపి ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్లు. అంటే కోస్తాంధ్రలో కురిసేదానికి దాదాపు మూడింతలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అలలు పెద్దవి, నీళ్లు మసక. ఫెర్రీ ఎప్పుడు రద్దవుతుందో చెప్పలేం. రేవులో ప్రమాద సూచిక ఎగిరిందంటే చిన్న పడవలన్నీ ఒడ్డుకు కట్టేయాల్సిందే.

అయితే సీజన్‌ను నిర్ణయించేది గాలి ఒక్కటే అనుకుంటే లెక్క తప్పుతుంది. ఏ డైవర్‌ని అడిగినా సముద్రం అద్దంలా ఉండే నెలలు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ అంటాడు. గదుల అద్దె ఆకాశానికెక్కేది మాత్రం డిసెంబరు చివరి పది రోజుల్లో. ఈశాన్య రుతుపవనాల తోక ఇంకా పూర్తిగా వెళ్లని రోజులవి. అక్టోబరులోనైతే వానలు ముమ్మరంగా ఉండగానే జనం దిగుతారు. కారణం బడి సెలవులు. దుర్గాపూజకు కోల్‌కతా కుటుంబాలు, దీపావళికి గుజరాతీలు, క్రిస్మస్‌కు అందరూ, పెళ్లిళ్ల కాలం ముగిశాక కొత్త దంపతులు, పరీక్షలైపోయిన ఏప్రిల్, మే నెలల్లో పిల్లలున్న కుటుంబాలు. సంక్రాంతి సెలవుల్లో హావ్‌లాక్ జెట్టీ మీద తెలుగు బాగానే వినపడుతుంది.

మూడోది ప్రభుత్వ ఉద్యోగుల ప్రయాణ రాయితీ, ఎల్‌టీసీ. సొంతూరికి వెళ్లే రాయితీని అండమాన్ ప్రయాణానికి మార్చుకోవచ్చని, మామూలుగా విమానం అర్హత లేని ఉద్యోగులూ విమానంలో వెళ్లవచ్చని కేంద్రం సడలింపు ఇస్తూ, గడువు తీరినప్పుడల్లా పొడిగిస్తూ వస్తోంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తర్వాత బెదిరిపోయిన ప్రయాణికులు మళ్లీ ఈ దారి పట్టడంలో దీని పాత్ర చిన్నది కాదు. ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లో ఏడాదికి లక్ష చుట్టూ ఉన్న సందర్శకుల సంఖ్య కరోనాకు ముందు 5 లక్షల దరికి చేరింది. హావ్‌లాక్‌లోని ఒక చిన్న హోటల్లో కప్పులు కడిగే కుర్రాడికి ఎల్‌టీసీ అంటే ఏమిటో తెలియకపోవచ్చు, కానీ అతని మార్చి నెల జీతం ఉండటం, ఊడటం కొంతవరకు ఆ గడువు పొడిగింపు మీదే ఆధారపడి ఉంటుంది.

ఈమధ్య మరో రెండు తోడయ్యాయి. 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమైంది. అంతకుముందు ఇంటర్నెట్ నత్తనడక. కార్డు గీస్తే యంత్రం ఆలోచించి ఆలోచించి ఊరుకునేది, బుకింగులన్నీ ఏజెంట్ల ఫోన్ల మీదే నడిచేవి. ఇప్పుడు చిన్న డైవింగ్ కేంద్రం కూడా నేరుగా డబ్బు తీసుకోగలుగుతోంది, అతిథి కూడా గదిలో కూర్చునే రేటింగు ఇచ్చి పోగలుగుతున్నాడు. 2023 జులై 18న విమానాశ్రయంలో ఏడాదికి 50 లక్షల మంది ప్రయాణికులకు సరిపోయే కొత్త టెర్మినల్ తెరిచారు. రాజధాని దాకా వచ్చిన వాళ్లను దీవులకు చేర్చే పడవలు, దీవుల్లోని మంచినీళ్లు మాత్రం ఆ లెక్కన పెరగలేదు.

అడవి పని నుంచి అతిథి పనికి

ఈ దీవుల్లో కూలీ చరిత్ర పర్యాటకంతో మొదలుకాలేదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో ఖైదీల చాకిరి, ఆ తర్వాత కలప. చాథమ్‌లోని రంపపు మిల్లు 1883 నాటిది. చెట్లు కొట్టడానికి 1918 నుంచి ఛోటానాగ్‌పూర్ ప్రాంతపు ఒరావ్, ముండా, ఖరియా గిరిజనులను తెచ్చారు. వాళ్లందరినీ కలిపి ఇప్పటికీ 'రాంచీ వాళ్లు' అనే పిలుస్తారు. దుంగలు లాగడానికి ఏనుగులను ఓడల్లో దింపారు. దీవి నుంచి దీవికి అవి ఈదుకుంటూ వెళ్లేవి.

దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలను హావ్‌లాక్, నీల్‌లలో స్థిరపరిచారు. అడవి నరికి వరి వేసుకున్నారు, కొండ వాలున కొబ్బరి, వక్క నాటారు. హావ్‌లాక్ ఊళ్ల పేర్లు గోవింద్ నగర్, విజయ్ నగర్, శ్యామ్ నగర్, కృష్ణ నగర్, రాధా నగర్. నీల్‌లో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్ నగర్. ఒక దీవి భాగవతం, పక్క దీవి రామాయణం. నీల్ నేటికీ రాజధానికి కూరగాయలు పంపే తోటల దీవి.

2002 మే 7న సుప్రీంకోర్టు, శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక ఆధారంగా, వ్యాపారానికి చెట్లు కొట్టడాన్ని గట్టిగా కట్టడి చేసింది. తీరంలో ఇసుక తవ్వకాన్ని క్రమంగా తగ్గించమంది. కలప మీద బతికినవాళ్లకు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2004లో, రాధానగర్ తీరాన్ని ఆసియాలో అత్యుత్తమ బీచ్‌గా టైమ్ పత్రిక ఎంచింది. అడవి మూతపడటం, బీచ్ తెరుచుకోవడం ఇలా పక్కపక్కనే జరిగిపోయాయి. రాజన్ అనే ఏనుగు కథ దీనికి మంచి సాక్ష్యం. కలప లాగడానికి వచ్చిన ఆ ఏనుగు పని పోయాక హావ్‌లాక్‌లో ఒక రిసార్టుకు చేరింది. సముద్రంలో ఈదుతూ అతిథుల కెమెరాలకు చిక్కి, ప్రపంచమంతా పేరు తెచ్చుకుని 2016లో చనిపోయింది. అడవి పని నుంచి అతిథి పనికి మారినవాళ్లలో అది కూడా ఒకటి.

ఎవరు ఏ పనిలో

భూమి సెటిలర్లది, అంటే అప్పట్లో ఇక్కడ స్థిరపరిచిన కుటుంబాలది. బయటివాళ్లు ఇక్కడ నేల కొనడం సులువు కాదు. అందుకే రోడ్డు పక్కన, తీరం వెంట ఉన్న రిసార్టుల్లో చాలావాటికి కింద నేల ఒక బెంగాలీ కుటుంబానిది, పైన పెట్టుబడి కోల్‌కతాదో, చెన్నైదో, ముంబయిదో. భూమిగలవాడికి ఏడాది పొడవునా లీజు డబ్బులు ముడతాయి. అతనికి సీజన్ బాధ తక్కువ. అతని కొడుకు రెండు స్కూటర్లు, ఒక టాక్సీ పెట్టుకుంటాడు, పెరట్లో వక్కచెట్లుంటాయి. అంత స్తోమత లేని కుటుంబాలు హోంస్టేలు, భోజన హోటళ్లు నడుపుతాయి.

వంటగదికి, గదుల సేవకు మనుషులు ఎక్కువగా మెయిన్‌ల్యాండ్ నుంచే వస్తారు. దీవుల్లో ప్రధాన భూభాగాన్ని అందరూ మెయిన్‌ల్యాండ్ అనే అంటారు. పశ్చిమ బెంగాల్, జార్ఖండ్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాలు, తమిళనాడు, ఆంధ్ర. కొందరు గాలివాటం పట్టుకుని తిరిగే నిపుణులు. చలికాలం అండమాన్‌లోనో గోవాలోనో, మే నుంచి సెప్టెంబరు దాకా మనాలి, లద్దాఖ్‌లలో. డైవింగ్ నేర్పేవాళ్లలో కొందరికి ఈ చక్రం ఇంకా పెద్దది. ఇక్కడ వానలు దిగేసరికి ఇండోనేసియాలో ఎండాకాలం మొదలవుతుంది.

పడవ మీద లెక్క వేరు. డింగీ పట్టినవాడు రాంచీ వాడో, మాయాబందర్ వైపు నుంచి వచ్చిన కరెన్ కుర్రాడో అయ్యుంటాడు. దాదాపు నూరేళ్ల కిందట బర్మా నుంచి వచ్చి మధ్య అండమాన్‌లో ఊళ్లు కట్టుకున్న కరెన్లు సముద్రపు పనిలో దిట్టలు. డైవింగ్ కేంద్రాల్లో పడవ సరంగులుగా, ఆ తర్వాత డైవ్ గైడ్లుగా వాళ్లలో పలువురు ఎదిగారు. నీటి ఉరవడి, రాయి ఎక్కడుందో, మబ్బు ఎటు తిరుగుతుందో వాళ్లకు తెలిసినంత సర్టిఫికెట్లున్న ఇన్‌స్ట్రక్టర్లకు తెలియదు. జీతం మాత్రం సర్టిఫికెట్ వైపే మొగ్గుతుంది. ఈ రంగంలో అన్నిటికన్నా కొట్టొచ్చినట్టు కనిపించే అన్యాయం బహుశా ఇదే.

డైవర్ పొద్దు

దీవులు తూర్పున 93 డిగ్రీల రేఖాంశం దగ్గరున్నా గడియారం మాత్రం మనదే. జూన్‌లో ఐదు కాకముందే తెల్లవారుతుంది. డిసెంబరులో సాయంత్రం ఐదుంబావుకల్లా చీకటి. అందుకే ఇక్కడి పని దినం ముందుకు జరిగి ఉంటుంది. ఉదయం ఆరింటికే డైవింగ్ పడవల దగ్గర ట్యాంకులు దొర్లుతుంటాయి.

పన్నెండు లీటర్ల అల్యూమినియం ట్యాంకు, సుమారు 200 బార్ల ఒత్తిడితో నింపిన గాలి. ఆక్సిజన్ సిలిండర్ అంటారు అతిథులు. కాదు, అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే. రోజుకు రెండు మూడు విడతలుగా వాటిని కంప్రెసర్ గది నుంచి ఒడ్డుకు, ఒడ్డు నుంచి పడవకు మోయాలి. డైవ్ మాస్టర్ శిక్షణలో ఉన్న కుర్రాళ్లకు మొదటి నెల పాఠమంతా ఈ మోతే. పని చేసినందుకు బదులుగా కోర్సు నేర్పే పద్ధతి చాలాచోట్ల ఉంది. నిజంగా నేర్పేచోట ఇది మంచి ఒప్పందం. నేర్పనిచోట వట్టి వెట్టి.

సీజన్‌లో బువ్వ పెట్టేది మాత్రం కోర్సులు కాదు, తొలిసారి నీళ్లలో దిగేవాళ్ల 'ట్రై డైవ్'. నీమో రీఫ్ వంటి తీరం పక్క చోట్లలో, 12 మీటర్లకు లోపు లోతులో, ఒక అతిథికి ఒక ఇన్‌స్ట్రక్టర్. ఈత రావాల్సిన పని లేదు, చెప్పినట్టు వినడం వస్తే చాలు. నడుములోతు నీళ్లలో మోకాళ్ల మీద కూర్చోబెట్టి మూడు సంగతులు నేర్పుతారు. నోటితోనే ఊపిరి తీయాలి. దిగుతూంటే చెవులు బిగిస్తాయి, ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలి. మూడోది చేతి గుర్తులు. అన్నిట్లోకీ చిక్కు బొటనవేలిది. నేల మీద అది 'బాగుంది', నీళ్లలో 'పైకి పోదాం'. ఆనందంతో బొటనవేలు ఎత్తిన అతిథిని ఇన్‌స్ట్రక్టర్ ఒక్క క్షణం కళ్లలోకి చూస్తాడు. భయమా, సంతోషమా? మాస్కు వెనకాల కళ్లు చదవడమే ఈ కొలువులో అసలు విద్య. మాస్కు అద్దానికి లోపల ఉమ్మి రుద్ది కడుక్కుంటే ఆవిరి పట్టదని చెప్పినప్పుడు ముఖం చిట్లించని కుటుంబం ఉండదు.

ట్యాంకు వెనక పట్టుకుని ఇన్‌స్ట్రక్టర్ అతిథి మీదుగా తేలుతూ దిశ చూపిస్తాడు. పగడాల మధ్య విదూషక చేప కనపడగానే ఆగుతాడు. ఫోటోకు ఒక క్షణం. అరగంటలో పైకి. డిసెంబరు చివర్లో ఇలాంటివి రోజుకు నాలుగైదు. చెవిలో నీళ్లు ఆరే వ్యవధి ఉండదు, జనవరి వచ్చేసరికి చెవినొప్పి లేని డైవర్ అరుదు. జలుబు చేస్తే దిగకూడదు. దిగకపోతే చాలాచోట్ల ఆ రోజు కమిషన్ రాదు. డైవ్ చేసిన తర్వాత కనీసం 18 గంటల దాకా విమానం ఎక్కకూడదన్న నియమం ఉంది, రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం వల్ల. అతిథి చివరి రోజు దాకా ఆగి 'ఇవాళ సాయంత్రం ఫ్లైటు, పొద్దున్నే ఒక్కసారి దింపండి' అని పట్టుపట్టడం, కాదంటే తక్కువ రేటింగు ఇవ్వడం ఈ వృత్తిలో నిత్యం ఉండే తలనొప్పి.

పోటు, పాటు, అమావాస్య

పెద్ద సీజన్ లోపల చిన్న సీజన్లు రోజుకు రెండుసార్లు వస్తాయి. నీల్ దీవిలో లక్ష్మణ్‌పూర్ వైపు సముద్రం చెక్కిన రాతి తోరణం ఒకటుంది, సెటిలర్లు దాన్ని హౌరా బ్రిడ్జి అని ముద్దుగా పిలుచుకున్నారు. పాటులో నీరు వెనక్కి తగ్గినప్పుడే దాని కిందకు నడిచి వెళ్లగలం. గైడు సముద్రపు గుంటల్లో చిక్కిన పీతలను, సముద్ర దోసకాయలను, నక్షత్ర చేపలను చూపిస్తూ నడిపిస్తాడు. పోటు ఎక్కితే అతనికి పని లేదు. అదే సమయంలో భరత్‌పూర్ తీరంలో గాజు అడుగున్న పడవలవాళ్లకు పని మొదలవుతుంది, నీరు తక్కువగా ఉంటే పడవ పగడాలకు రాసుకుంటుంది. ఇలా ఒకరి పాటు ఇంకొకరి పోటు. ఇద్దరి జేబులోనూ ఒకటే కాగితం, ఆ నెల ఆటుపోట్ల పట్టిక.

హావ్‌లాక్‌లో మడ అడవుల పక్కన రాత్రిపూట కయాకింగ్ నడుపుతారు. తెడ్డు వేస్తే నీళ్లలోని సూక్ష్మజీవులు నీలంగా మెరుస్తాయి. చీకటి ఎంత చిక్కగా ఉంటే అంత మెరుపు. పంచాంగం ముట్టనివాడికి కూడా ఇక్కడ అమావాస్య ఎప్పుడో నోటికొచ్చు. పున్నమి వారం కయాక్ గైడుకు దాదాపు సెలవే.

బారాటాంగ్ దారి

అన్ని పనుల్లోకీ ఇబ్బందికరమైనది ఈ దారిలో ఉంది. బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్లే వాహనాలు అండమాన్ ట్రంక్ రోడ్డు మీద జిర్కాటాంగ్ దగ్గర తెల్లవారుజామునే వరస కడతాయి. ఆరు గంటలకు మొదటి కన్వాయ్. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా సుమారు 50 కిలోమీటర్ల దారి జారవాల అడవి గుండా పోతుంది. ఆగకూడదు, ఫోటోలు తీయకూడదు, ముందు బండిని దాటకూడదు. 2002 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు ఈ రోడ్డులోని భాగాలను మూసేయమంది, మూయలేదు. 2012 జనవరిలో జారవా స్త్రీల చేత పర్యాటకుల ముందు ఆడించిన వీడియో బయటపడి ప్రపంచమంతా ఛీ అంది.

డ్రైవర్లు చెప్పుకునే పక్షం కూడా ఉంది. అర్ధరాత్రి రెండింటికి హోటల్ నుంచి అతిథులను ఎక్కించుకుని, నిద్రమత్తులో అడవి దాటించి, అవతల ఫెర్రీ, మడ అడవుల్లో పడవ, గుహ, మళ్లీ మధ్యాహ్నపు కన్వాయ్ అందుకునే పరుగు, ఇదంతా ఒక్క రోజు బాడుగ. ఆ దారిలో పోయే ప్రతి అతిథీ ఒకే ప్రశ్న వేస్తాడు, జారవాలు కనిపిస్తారా అని. బారాటాంగ్‌లో పడవలు నడిపే కుటుంబాలకు ఈ రోడ్డే అన్నం. సముద్ర మార్గం పెంచి రోడ్డు మీద ఒత్తిడి తగ్గించాలన్న మాట ఏళ్లుగా నలుగుతోంది. ఆ మాటే సరైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. మనుషులున్న అడవిని దారిలో చూసే వింతగా మార్చిన ఉపాధి ఎంత అవసరమైనా ఉపాధి పేరుతో నిలబెట్టదగింది కాదు. కానీ బారాటాంగ్ పడవలవాళ్లకు బదులు పని చూపించకుండా ఆ మాట అనడం కూడా సగం మాటే.

తెలుగువాళ్లు

2011 జనగణన ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాతి స్థానం. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు. రాజధానిలో జంగ్లీఘాట్ చేపల రేవు దగ్గర తెల్లవారుజామున వినపడే భాష ఉత్తరాంధ్ర యాసే. విశాఖ నుంచి ఓడ నెలకు ఒకటి రెండు సార్లు బయల్దేరుతుంది, రెండు రోజులకు పైగా ప్రయాణం. బంక్ క్లాసు టికెట్టు కొనుక్కుని చాప, గిన్నెలు, ఊరగాయ జాడీతో ఎక్కే కుటుంబాలకు అది పుట్టింటికీ మెట్టింటికీ మధ్య బస్సు లాంటిది.

పర్యాటక సీజన్‌లో వీళ్ల వాటా తెర వెనకది. రిసార్టు పళ్లెంలోకి వచ్చే వంజరం, రొయ్య, పీత వేటాడి తెచ్చేది చాలావరకు వీళ్లే. డిసెంబరులో చేపకు పలికే ధర జులైలో పలకదు, అంచేత అతిథి మొహం ఎప్పుడూ చూడని వేటగాడు కూడా సీజన్ పనివాడే. పోర్ట్‌బ్లెయిర్‌లో ఇడ్లీ, దోసె హోటళ్లు, ఆటోలు, భవన నిర్మాణం, ఇవి మిగతా దారులు. రెండో తరం పిల్లలు ఫెర్రీ కౌంటర్లలో, ట్రావెల్ ఆఫీసుల్లో కనిపిస్తారు. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు వచ్చాక తెలుగు కుటుంబాల రాక పెరిగింది. హిందీ, బెంగాలీ, తెలుగు మూడూ వచ్చిన డ్రైవర్‌కు దాంతో గిరాకీ పెరిగింది. అతిథి 'అన్నా, ఇక్కడ మన భోజనం ఎక్కడ?' అని అడిగిన క్షణం నుంచి ఆ డ్రైవరే అతని టూరు మేనేజరు.

జీతం, గది, ఒప్పందం

చిన్న, మధ్యస్థాయి రిసార్టుల్లో ఒప్పందం నోటిమాటే. నెల జీతం, తిండి, పడుకోవడానికి చోటు. చోటంటే రిసార్టు వెనకాల రేకుల షెడ్డులో నలుగురికో ఆరుగురికో ఒక గది. ముందు సముద్రం, వెనక జనరేటరు. అతిథి గదికి ఏసీ ఆగకుండా చూసే మనిషి తన గదిలో దోమతెర కింద ఫ్యాను కోసం ఎదురుచూస్తుంటాడు. టిప్పులు, కొన్నిచోట్ల సర్వీసు చార్జిలో వాటా కలిస్తేనే ఇంటికి పంపడానికి ఏదైనా మిగిలేది. వచ్చే ఓడ టికెట్టు ఎవరు పెట్టుకోవాలి, సీజన్ మధ్యలో వెళ్లిపోతే ఆఖరి నెల జీతం ఇస్తారా, తగువులన్నీ ఈ రెండిటి దగ్గరే. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టర్లు తీసుకొచ్చిన మనుషులను దృష్టిలో పెట్టుకుని రాసింది. ఇక్కడికి జనం వచ్చేది అలా కాదు. ముందు సీజన్‌లో పనిచేసిన ఊరివాడు ఫోన్ చేసి 'ఇద్దర్ని పంపు' అంటే వస్తారు. ఆ ఊరివాడు కాంట్రాక్టరు కాడు, యజమాని కాడు, చుట్టమో స్నేహితుడో. ఆ చట్టానికి అందని ఈ చుట్టరికమే సీజన్‌ను నడిపే అసలు నియామక సంస్థ.

గాలివాన, మొసలి, బోల్తా

2014 జనవరి 26న పోర్ట్‌బ్లెయిర్ దగ్గర రాస్, నార్త్ బే దీవుల మధ్య తిరిగే పర్యాటక పడవ ఒకటి మునిగి 20 మందికి పైగా చనిపోయారు. పట్టాల్సిన దానికన్నా ఎక్కువమంది ఎక్కిన పడవ అది. అప్పటి నుంచి లైఫ్ జాకెట్, ప్రయాణికుల జాబితా, పడవ అనుమతి అన్నిటి మీదా తనిఖీ బిగిసింది. పడవ దగ్గర మనుషులను లెక్కపెట్టే కుర్రాడి ఉద్యోగం ఆ ప్రమాదం పెట్టిన ఉద్యోగమే అనాలి. 2010లో హావ్‌లాక్ తీరంలో ఒక విదేశీ యాత్రికురాలిని ఉప్పునీటి మొసలి చంపింది. తర్వాత హెచ్చరిక బోర్డులు, వలలు, లైఫ్‌గార్డుల ఈలలు వచ్చాయి. రాధానగర్‌లో సూర్యాస్తమయం చూస్తూ నీళ్లలోంచి కదలని జనాన్ని ఒడ్డుకు తరిమే లైఫ్‌గార్డును అందరూ విసుక్కుంటారు, ఎందుకు తరుముతున్నాడో అడిగేవాళ్లు తక్కువ.

2016 డిసెంబరు మొదట్లో, తర్వాత వర్దా తుపానుగా మారిన వాయుగుండం వల్ల ఫెర్రీలు ఆగిపోయి హావ్‌లాక్, నీల్‌లలో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుబడ్డారు. నౌకాదళం ఓడలొచ్చి వాళ్లను తరలించాయి. అది అతిథుల కథగానే వార్తల్లోకెక్కింది. కరెంటు, ఫోన్లు లేని ఆ రోజుల్లో వాళ్లకు వండిపెట్టినవాళ్లు ఓడ ఎక్కలేదు, ఎక్కమని ఎవరూ అడగలేదు. 2020 మార్చిలో కరోనాతో దీవులు మూతపడినప్పుడు మాత్రం వలస వచ్చినవాళ్లే ముందు ఇంటిదారి వెతుక్కోవాల్సి వచ్చింది.

సముద్రం లోపల నెమ్మదిగా జరుగుతున్న నష్టం ఇంకొకటి. 2010 వేసవిలో నీరు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్దయెత్తున తెల్లబడ్డాయి. తిరిగి కోలుకున్నచోట్ల కోలుకున్నాయి, కొన్ని దిబ్బలు ఇప్పటికీ బూడిద రంగు శిథిలాలే. ఏ చోటికి కొత్తవాళ్లను తీసుకెళ్తే ఏదో ఒక రంగు కనిపిస్తుందో వెతికి పెట్టుకోవడం కూడా ఇప్పుడు గైడు పనిలో భాగమైంది.

మూసిన నెలలు

మే చివరి వారంలో డింగీలను పెద్ద పోటు రోజు చూసి ఒడ్డు మీదకు లాగుతారు. కింద దుంగలు వేసి, పది పదిహేను మంది ఒక్క గొంతుతో అరుస్తూ. అడుగుకు పట్టిన గుల్లలు గీకి, చెక్క ఎండాక, అతుకులు మళ్లీ పూడ్చి రంగు వేయాలి. వాన తెరిపిచ్చే రోజులు తక్కువ కాబట్టి ఒక్క పడవకే నెల పట్టవచ్చు. డైవింగ్ కేంద్రంలో రెగ్యులేటర్లు విప్పి రబ్బరు రింగులు మారుస్తారు, వెట్‌సూట్లకు కుట్లు వేస్తారు. పెద్ద రిసార్టులు రేట్లు సగానికి దించి తలుపులు తెరిచే ఉంచుతాయి, చిన్నవి తాళం వేసి ఒక కాపలావాడిని ఉంచుతాయి. ఆ కాపలావాడికి ఇచ్చేది చాలాచోట్ల సగం జీతమే. నలుగురు చేయాల్సిన పనంతా అతనే చేస్తాడు. చాపలకు బూజు పట్టకుండా ఎండబెట్టడం, పైపుల్లో కప్పలు తీయడం, రాలిన కొబ్బరి మట్టలు ఎత్తడం.

సెటిలర్ల ఇళ్లలో ఇది నాట్ల కాలం. సీజన్‌లో టాక్సీ నడిపినవాడు జులైలో మోకాలి లోతు బురదలో ఉంటాడు. వలస వచ్చినవాళ్లలో ఊరికి వెళ్లగలిగినవాళ్లు వెళ్లిపోతారు. ఓడ డబ్బులు ఎక్కువనుకున్నవాళ్లు పోర్ట్‌బ్లెయిర్ చేరి మేస్త్రీల దగ్గర రోజుకూలీకి కుదురుతారు, అదీ వాన పడని రోజున. ఈ నెలల్లో తినడానికి కిరాణా కొట్టులో రాసిన అప్పును నవంబరు జీతంలోంచి తీరుస్తారు.

ఆగస్టు చివరికి కోల్‌కతా ఏజెంట్ల నుంచి ఫోన్లు మొదలవుతాయి, పూజ సెలవులకు ఎన్ని గదులున్నాయని. రిసార్టు మేనేజరు లెక్క చూసుకుని, పాత పనివాళ్ల నంబర్లు తీసి, ఒక్కొక్కరికీ అదే ప్రశ్న వేస్తాడు. ఎప్పుడు బయల్దేరుతున్నావు, ఎంతమంది వస్తున్నారు?